పాంగ్ షౌత్యెన్ నాలుగో ఘనకార్యం

పాంగ్ షౌత్యెన్ ఘనకార్యాలు నాలుగు. సరిహద్దు కాపలాకని నిలిపిన మా తొమ్మిదో సేద్యపు దళంలో చంటిపిల్లలకు తప్ప అందరికీ అవి కంఠతా వచ్చు. ఆయన చెప్పే తీరు ఎన్నడూ మారలేదు మరి. పల్లెటూరి బడిలో ఎక్కాలు అప్పజెప్పినట్టు నిటారుగా నిలబడి, టోపీ సరిచేసుకుని, ఒక్కొక్క వేలే ముడుస్తూ చెప్పేవాడు. నడుమ ఎవరైనా దగ్గినా, అడ్డం వచ్చినా మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకునేవాడు.

మొదటిది జెండా. సోవియట్ వాళ్ళతో మా దేశానికి పూర్తిగా చెడిన ఏడాది, కరాసు వాగు ఇవతల ఉన్న రాళ్ళదిబ్బ మీద మొట్టమొదట జెండా పాతినవాడు ఆయనే. జెండా గుడ్డకు జిల్లా నుంచి సరుకు రాకపోతే భార్య సూలాన్ తన పెళ్ళి బొంత మీది ఎర్ర గలేబు విప్పి, పసుపు గుడ్డతో చుక్కలు కత్తిరించి కుట్టి ఇచ్చింది. రెండోది, వాగు దాటి అవతల గొర్రెలు మేపుతుంటే తరమడానికి వచ్చిన సోవియట్ సైనికుల బండికి అడ్డంగా పడుకోవడం. బండి ఆగింది, ఆయన లేవలేదు. తుపాకీ మడమ తగిలి ముందుపన్ను పోయింది. ఆ సందు చూపించకుండా రెండోది ఎప్పుడూ ముగించేవాడు కాదు. మూడోది గోధుమ. వాగుకీ అవతలి మిట్టకీ మధ్య ఉన్న నేల ముక్క ఎవరిదో తేలలేదు. ఇటువాళ్ళు మాదంటారు, అటువాళ్ళు మాదంటారు. దాన్ని ఆయన ప్రతి వసంతంలోనూ దున్ని విత్తాడు. అందులో ఒక్క పంటా చేతికి రాలేదు. ఒక ఏడు అటువాళ్ళు తగలబెట్టారు, ఒక ఏడు మంచు తినేసింది, మిగిలిన ఏళ్ళు ఆ ఉప్పునేల తన పని తాను చేసుకుపోయింది. అయినా విత్తాడు. దున్నిన నేలకు యజమాని ఉంటాడని పైవాళ్ళు చెప్పారు కాబట్టి విత్తాడు.

నాలుగోది చెప్పేటప్పుడు టోపీ తీసేవాడు. సూలాన్ చచ్చిపోయినప్పుడు ఆమెను దళం శ్మశానంలో కాక, వాగు దాటించి, ఆ తేలని నేల చివర, మిట్ట కింద పాతిపెట్టాడు. "బతికి నేను కాపలా కాశాను, చచ్చి ఆవిడ కాస్తోంది. సమాధి ఉన్నచోట నేల మాది కాదనే మొగాడెవడు?" అని ముగించేవాడు. వినడానికి వచ్చిన వాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. కొందరు కళ్ళు తుడుచుకునేవాళ్ళు.

ఆయన కథ వింటూ నవ్వేవాడు ఒక్కడే, బేసెన్. కజకు గొర్రెల కాపరి, వాగు పైభాగాన ఉంటాడు. షౌత్యెన్ మా అందరిలా హాన్ జాతివాడు. ఇద్దరూ ఒకే ఏట పుట్టారు. కజకుల్లో ఒకే ఏట పుట్టినవాళ్ళు ఒకళ్ళకొకళ్ళు కుర్దాసులు. కుర్దాసు కుర్దాసును ఏమైనా అనొచ్చు, తల్లినీ పెళ్ళాన్నీ కూడా కలిపి అనొచ్చు. కోపం తెచ్చుకున్నవాడు ఓడినట్టు, ఒక గొర్రెను కోసి పెట్టాలి. ఈ సంగతి తెలిసిన రోజు నుంచి షౌత్యెన్ బేసెన్ మీద ఒక్కసారైనా కోప్పడలేదు. అదీ తన గొప్పల్లో ఒకటిగానే చెప్పుకునేవాడు, వేలు మాత్రం ముడిచేవాడు కాదు.

బేసెన్ గుర్రం దిగుతూనే మొదలుపెట్టేవాడు.

"ఏరా హాన్ మొద్దూ, మా తాత ఎలా ఉన్నాడు? ఆ కర్రతో ఆయన బుర్ర ఇంకా గోకుతున్నావా?"

షౌత్యెన్ జెండా కర్ర వంక చూసి, "గోకుతున్నా. పేలు పడ్డాయి మీ తాతకి," అనేవాడు.

ఇద్దరూ విరగబడి నవ్వేవాళ్ళు. తరవాత పొయ్యి పక్కన కూర్చుని ఉప్పేసిన పాలటీ తాగేవాళ్ళు. ముప్పై ఏళ్ళుగా అదే పలకరింపు, అదే జవాబు.

ఇంతలో అవతల సోవియట్ దేశం పోయింది. కజకుల దేశమని కొత్తది వచ్చింది. సైనికుల బండ్లు నడిచిన దారిలోనే ఇటు నుంచి ఫ్లాస్కులూ చెప్పులూ నింపుకుని లారీలు పోవడం మొదలైంది. రెండు దేశాల పెద్దవాళ్ళూ కూర్చుని మాట్లాడుకున్నారు. కొండలు పంచుకున్నారు, వాగులు పంచుకున్నారు. ఆ వేసవి చివర సరిహద్దు కార్యాలయం నుంచి లూ అనే కుర్ర అధికారి జీపులో వచ్చి షౌత్యెన్ ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. మర్యాదస్తుడు. రెండు సిగరెట్లు కాల్చేదాకా అసలు మాట ఎత్తలేదు.

"బాబాయ్, గీత తేలిపోయింది. కరాసు వాగే సరిహద్దు."

"వాగా? మిట్ట కదా?"

"వాగే. మిట్ట అటు పోయింది."

షౌత్యెన్ కాసేపు అతని బూట్ల వంక చూశాడు.

"దానికి బదులు దక్షిణాన మనకు పెద్ద మేతబీడు వచ్చింది బాబాయ్. లెక్క చూస్తే మనకే లాభం."

"నేనక్కడ ఉండను కదా నాయనా. నేనిక్కడ ఉన్నాను."

లూ తల దించుకున్నాడు. అసలు విషయానికి అప్పుడు వచ్చాడు. నేల గడ్డకట్టేలోపల కంచె వేస్తారు. ఈలోగా పిన్నిగారి సమాధిని ఇవతలికి తెచ్చుకోవచ్చు. అటువాళ్ళతో మాట్లాడారు, వాళ్ళూ సరేనన్నారు. మనుషుల్నీ బండినీ కార్యాలయమే పంపిస్తుంది. కంచె పడ్డాక మాత్రం ఏదీ కుదరదు.

"తవ్వి తీసుకొస్తే ఏమవుతుంది?" అన్నాడు షౌత్యెన్.

"ఏమవుతుందేమిటి బాబాయ్, ఇక్కడ మీ కళ్ళ ముందు..."

"ఆ నేల మనది కాదని నా చేత్తో నేనే రాసిచ్చినట్టవుతుంది. నేను తవ్వను. సమాధి ఉందని పైవాళ్ళకు తెలియక గీశారు ఆ గీత. తెలిస్తే జరుపుతారు. నువ్వెళ్ళి చెప్పు."

"వాళ్ళకు తెలుసు," అన్నాడు లూ మెల్లగా. "బాబాయ్, కాలం మారింది. ఇరుగుపొరుగుతో గొడవ లేకుండా ఉండడమే ఇప్పుడు దేశానికి భద్రత."

"అప్పుడు మీ పెద్దలు ఇక్కడ కూర్చునే చెప్పారు, గొడవకు దిగి నిలబడడమే భద్రత అని. ఇదే అరుగు మీద. నీకప్పటికి పళ్ళు రాలేదు. నాకు అప్పుడే ఊడిపోయింది."

లూ నవ్వబోయి మానుకున్నాడు.

ఆ వారంలోనే జిల్లా పట్నం నుంచి కూతురు మైసుయ్ దిగింది. అక్కడ ఆసుపత్రిలో నర్సు. అధికారి ఫోన్ చేసి ఉంటాడు. లోపలికి వచ్చి సంచీ కింద పెట్టకుండానే మొదలుపెట్టింది.

"నాన్నా, అమ్మను తీసుకొచ్చేద్దాం."

"వచ్చావా. మొఖం కడుక్కో. నూడుల్స్ చేస్తా."

"నాకు నూడుల్స్ వద్దు. నేను స్లెడ్జి మీద ఉన్నాను నాన్నా ఆ రోజు. అమ్మ ఏమడిగిందో నేను విన్నాను."

ఆ మాట ఇంట్లో ఎన్నడూ ఎవరూ ఎత్తలేదు. సూలాన్‌కు కడుపునొప్పి వచ్చింది నడి చలికాలంలో. దారి మూసుకుపోతే ట్రాక్టరుకు మంచు మీద జారే స్లెడ్జి బండి కట్టి, దాని మీద గడ్డీ బొంతలూ పరిచి ఆసుపత్రికి బయల్దేరారు. పిల్లను ఇంట్లో ఒంటరిగా వదలలేక వెంట తీసుకెళ్ళారు. సగం దారిలోనే ప్రాణం పోయింది. పోయేముందు సూలాన్ అడిగింది ఒకటే. "నన్ను వాగవతల పెట్టకు. అక్కడ గాలి తప్ప ఏమీ వినపడదు. భోజనశాల వెనక పాప్లర్ చెట్ల కింద పెట్టు. వంటవాళ్ళ తిట్లైనా వినిపిస్తుంటాయి నాకు."

అలా అడగడానికి కారణం ఉంది. ఇక్కడ పుట్టిన మన పిల్లలతో నేల మనదవుతుంది, మన సమాధులతో ఇంకా గట్టిగా మనదవుతుంది అని షౌత్యెన్ అప్పటికి ఎన్నో ఏళ్ళుగా భోజనశాలలో చెబుతూనే ఉన్నాడు. భర్త సంగతి ఆమెకు తెలుసు.

"జ్వరంలో ఏదో అంది," అన్నాడు షౌత్యెన్.

"జ్వరం లేదు అమ్మకి. నేనిప్పుడు నర్సుని, నాకు చెప్పకు. ఒళ్ళు చల్లబడిపోతోంది, బుర్ర స్పష్టంగా ఉంది. నీకూ తెలుసు. దళం పెద్దాయన కూడా చెట్ల కింద పెడదామన్నాడు. నువ్వే వినలేదు. నీకు నాలుగోది కావాల్సి వచ్చింది."

"మైసుయ్!"

"అరుచుకో. గట్టిగా అరుచుకో. అమ్మకు వినపడదులే."

షౌత్యెన్ బయటికి వచ్చి దిబ్బ దగ్గర నిలబడ్డాడు. జెండా కర్ర మొదట్లో సిమెంటు దిమ్మె పగిలి ఉంటే కాలితో మట్టి నొక్కాడు. కూతురు మూడు రోజులుండి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు, "నేల గడ్డకట్టేలోపు మనసు మారితే చెప్పు, నేను వస్తా. మారకపోతే నాకు చెప్పకు," అంది. ఆయన బస్సు దాకా సంచీ మోశాడు.

ఆయన మనసు మారలేదని ఊళ్ళోవాళ్ళు అనుకున్నారు. అది నిజం కాదు. ఆ శరదృతువులో ఒకసారి కాదు, ఎన్నోసార్లు పార భుజాన వేసుకుని వాగు దాకా నడిచి వెళ్ళాడు. నీళ్ళలో దిగడానికి బూట్లు కూడా విప్పాడు. ప్రతిసారీ ఏదో ఒకటి ఆపేది. ఓ రోజు అవతల కొలతల వాళ్ళు నిలబడి ఉన్నారు, వాళ్ళ ముందు తవ్వడం నామోషీ అనిపించింది. ఇంకో రోజు ఎవరూ లేరు. ఆ రోజు ఎవరూ చూడకుండా దొంగలా తీసుకురావడం అంతకంటే నామోషీ అనిపించింది.

బేసెన్ ఒకసారి ఒడ్డున పట్టుకున్నాడు.

"ఏరా మొద్దూ, పారతో చేపలు పడుతున్నావా?"

"గట్టు చూసుకుంటున్నా."

"గట్టు నీ మొహం. పద, నేనూ ఓ పార పడతా. నీ పెళ్ళాం నిన్ను తిట్టేదంతా దాచుకుని ఉంటుంది, పైకి రాగానే తిడుతుంది, హాయిగా విందాం."

"కుర్దాసు కాబట్టి బతికిపోయావు."

"కోపం వచ్చిందా? గొర్రె కొయ్యి అయితే."

"రాలేదు."

బేసెన్ గుర్రం మీద నుంచి కాసేపు ఆయన్నే చూశాడు. "వస్తే బాగుండేదిరా," అన్నాడు. ఆ ఒక్క మాటలో నవ్వు లేదు. షౌత్యెన్ గమనించలేదు. బూట్లు తొడుక్కుంటున్నాడు.

ఆ ఏడు చలి ముందే వచ్చింది. స్తంభాలు పాతడానికి కంచెవాళ్ళు నేలను మంటలతో కాల్చి మెత్తబరచుకోవాల్సి వచ్చింది. తీగ లాగుతుంటే వచ్చే కీచు మా దళం దాకా వినిపించింది. షౌత్యెన్ ఇంట్లో కూర్చుని పొయ్యిలో బొగ్గు వేసుకుంటూ, వచ్చినవాళ్ళందరికీ ఒకటే చెప్పాడు. "సమాధి ఉంది కదా. గీత జరుగుతుంది, చూడండి. రాతి గోడలే మార్చారు, తీగ ఎంత."

సమాధులు తుడిచే పండుగ వచ్చేసరికి మంచు కరిగి వాగు పొర్లుతోంది. లూ మంచివాడు. కంచె దాకా రావడానికి అనుమతి తెచ్చి తనే వెంట వచ్చాడు. షౌత్యెన్ ఆవిరి రొట్టెలు చేశాడు, ఉల్లికాడల ఆమ్లెట్ చేశాడు, చనిపోయినవాళ్ళ కోసం కాల్చే కాగితాల కట్ట తెచ్చాడు. అవసరమైతే అటువాళ్ళతో వాళ్ళ భాషలో మాట్లాడేందుకు బేసెన్ వచ్చాడు. గొంతెత్తి అరిస్తే వినపడే దూరమే అది.

తీగ దగ్గర నిలబడి షౌత్యెన్ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. మిట్ట ఉంది. మిట్ట కింద ముళ్ళపొద ఉండాలి, పొద పక్కన మట్టిదిబ్బ, దిబ్బ మీద పేరు రాసిన చెక్క ఉండాలి. పొద లేదు. వాగు అంచు నుంచి మిట్ట పాదం దాకా నేలంతా నల్లగా, తడిగా, కొత్తగా దున్ని ఉంది. చాళ్ళు తిన్నగా, లోతుగా, ఒక్కటీ వంకర లేకుండా సరిహద్దు మీదికి వచ్చి ఆగాయి. పని తెలిసినవాడు దున్నాడు.

అటు చివర ట్రాక్టరు పక్కన టోపీ పెట్టుకున్న మనిషి రొట్టె తింటున్నాడు. బేసెన్ చేతులు నోటికి అడ్డం పెట్టుకుని పిలిచాడు. ఆ మనిషి లేచి వచ్చాడు, అవతలి ఒడ్డు దాకా. ఇద్దరూ చాలాసేపు అరుచుకున్నారు.

"ఏమంటాడు?" అన్నాడు షౌత్యెన్.

బేసెన్ వంగి గుర్రం జీను పట్టీ బిగించాడు.

"ఏమంటాడురా?"

"అక్కడొక మట్టిదిబ్బ ఉండేదట. చెక్కా గిక్కా ఏమీ లేదట, గాలికి పోయి ఉంటుంది. చదును చేశాడట. సమాధి అని తెలియదట, తెలిస్తే దాన్ని వదిలి చుట్టూ దున్నేవాణ్ణని ఒట్టేస్తున్నాడు."

"ఆ ఉప్పునేలలో ఏం పండుతుందని దున్నాడు?"

బేసెన్ ఆ ప్రశ్న అటు అరిచాడు. అవతలివాడు భుజాలెగరేసి ఏదో అన్నాడు, టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఏమీ పండదని వాడికీ తెలుసట. దున్నిన నేలకు యజమాని ఉంటాడని వాళ్ళ పైవాళ్ళు చెప్పారట."

షౌత్యెన్ రొట్టెల గిన్నె కింద పెట్టాడు. కాగితాలకు నిప్పంటించాడు. మా వైపు గాలి ఎప్పుడూ అటు నుంచి ఇటే వీస్తుంది. కాలిన కాగితం ఒక్క ముక్కా వాగు దాటలేదు. బూడిద అంతా వచ్చి ఆయన కోటు మీద, టోపీ మీద, కనుబొమల మీద పడింది. లూ దులపబోతే వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు.

తిరిగి వస్తుంటే దారిలో, లూ ముందు నడుస్తుండగా, షౌత్యెన్ ఆగాడు.

"వాడు ఒట్టేశాడు, తెలిస్తే చుట్టూ దున్నేవాణ్ణని. నిజమే అంటావా?"

"నిజమే. సమాధి అని తెలిస్తే ఎవడు దున్నుతాడురా."

"ఎవడూ దున్నడు," అన్నాడు షౌత్యెన్.

బేసెన్ కళ్ళెం చేతికి చుట్టుకుంటూ నిలబడ్డాడు. ఎదురుగా, దూరంగా రాళ్ళదిబ్బ మీద జెండా ఎగురుతోంది. షౌత్యెన్ బేసెన్‌నూ చూశాడు, దిబ్బనూ చూశాడు. మళ్ళీ బేసెన్‌ను చూశాడు.

"ఆ దిబ్బ..." అన్నాడు.

బేసెన్ కళ్ళెం మరో చుట్టు చుట్టాడు.

"మీ తాత..."

"మా తాత, ఆయన అన్న, ఇద్దరు మేనత్తలు, అందరి సమాధీ అదే. ఆ రాళ్ళు మావాళ్ళు నదీ మలుపు నుంచి ఒంటెల మీద తెచ్చి పేర్చినవి. నువ్వు కర్రకు దిమ్మె కట్టేందుకు సగం పీకావు. మిగిలినవాటిలో కొన్ని నీ గొర్రెల దొడ్డికి వేశావు."

"నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్పానుగా."

"ఎప్పుడు చెప్పావు?"

"గుర్రం దిగినప్పుడల్లా చెప్పాను. ఆ రోజుల్లో జెండా తీయమన్నవాడికి ఏమయ్యేదో నీకు తెలియదా? కుర్దాసు కాబట్టి వేళాకోళంగా చెప్పాను. ఒక్కసారైనా నీకు కోపం వస్తుందేమో, ఏమిటిరా ఎప్పుడూ తాత తాతంటావు అని అడుగుతావేమో అనుకున్నాను. అడిగితే చెప్పేవాణ్ణి. నీకు కోపమే రాలేదు. నవ్వావు."

షౌత్యెన్ దిబ్బ వైపు పెద్ద పెద్ద అంగలతో నడక మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రం ఆయన గడ్డపార తీసుకుని దిమ్మె మీద పడ్డాడు. ఏళ్ళ తరబడి పగిలినచోటల్లా తనే సిమెంటు వేసి వేసి గట్టిపరచిన దిమ్మె. పెచ్చులు లేచాయి, కర్ర కదల్లేదు. చప్పుడు విని మేమంతా పరుగెత్తాం. బాగు చేస్తున్నాడేమో అనుకుని ఇద్దరు కుర్రాళ్ళు సాయం పట్టబోయారు కూడా. బేసెన్ వచ్చి గడ్డపార లాక్కున్నాడు.

"ఆపరా. ఇప్పుడు పీకితే జెండా పీకాడని నిన్ను లాక్కుపోతారు. పీకినా మా తాత తల ఎటుందో కాళ్ళు ఎటున్నాయో నాకే తెలియదు. వదిలెయ్యి."

"గొర్రె కోస్తానురా," అన్నాడు షౌత్యెన్. "నాకు కోపం వచ్చింది. గొర్రె కోస్తాను."

"నా మీద రాలేదుగా. నీ మీద నీకొచ్చిన కోపానికి గొర్రె ఇచ్చే ఆచారం మాకు లేదు."

ఆ తరవాత బేసెన్ రావడం మానలేదు. గుర్రం దిగుతాడు, టీ తాగుతాడు, గొర్రెల సంగతులు చెబుతాడు. తాత మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు. షౌత్యెన్ ప్రతిసారీ తలెత్తి ఎదురుచూసేవాడు, ఆ మాట వస్తుందేమోనని. వచ్చేది కాదు. కూతురికి కబురు పెట్టాలని ఒకసారి దళం కార్యాలయంలో ఫోన్ దాకా వెళ్ళాడు. మైసుయ్ గొంతు వినిపించగానే, "గాలి ఎక్కువగా ఉందమ్మా ఇక్కడ," అని పెట్టేశాడు.

వేసవి మొదట్లో జిల్లా నుంచి రెండు బస్సుల్లో బడిపిల్లలూ, టీచర్లూ వచ్చారు. సరిహద్దు వీరుణ్ణి చూపించాలని ఏర్పాటు. లూ ముందే వచ్చి షౌత్యెన్‌కు కొత్త టోపీ ఇచ్చి వెళ్ళాడు. పిల్లల్ని దిబ్బ చుట్టూ కూర్చోబెట్టారు. కొందరు రాళ్ళ మీద కూర్చున్నారు. షౌత్యెన్ వాళ్ళను లేవమందామనుకున్నాడు, ఏమని చెప్పాలో తోచలేదు.

నిటారుగా నిలబడ్డాడు. మొదటిది చెప్పాడు. ఎర్ర గలేబు దగ్గర గొంతు జీరబోతే పిల్లలు అది దేశభక్తి అనుకుని చప్పట్లు కొట్టారు. రెండోది చెప్పాడు, సందు చూపించాడు. మూడోది చెప్పాడు. వేళ్ళు మూడు ముడుచుకున్నాయి. టోపీ తీశాడు. అలాగే నిలబడిపోయాడు.

వెనక బేసెన్ గుర్రం కళ్ళెం పట్టుకుని ఉన్నాడు. ఎవరూ దగ్గలేదు, ఎవరూ అడ్డం రాలేదు. చాలాసేపు గాలి తప్ప ఏమీ వినపడలేదు.

లూ దగ్గరికి వచ్చి మెల్లగా అందించాడు. "నాలుగోది బాబాయ్. పిన్నిగారిది."

షౌత్యెన్ అతని వంక చూశాడు.

"అది అటు పోయింది నాయనా," అన్నాడు. "మన దేశంలో లేదిప్పుడు."

పిల్లలు కూడా చూడాలి కదా అని టీచరమ్మ వాళ్ళను లేపి వరసలో కంచె వైపు నడిపించింది. అవతల గోధుమ మొలకెత్తింది. అక్కడక్కడా, పలచగా, పసుపుపచ్చగా. షౌత్యెన్ దిబ్బ దగ్గరే ఉండిపోయాడు, కొత్త టోపీ చేతిలో పట్టుకుని, పిల్లలు కూర్చుని లేచిన రాళ్ళను ఒక్కొక్కటే సర్దుతూ.